మమ్మల్నీ లెక్కలో రాయండి: కువైట్‌లోని చెయ్యేరు వరద బాధితుల వినతిపత్రం

కువైట్,
2 ఆగస్టు 2025

గౌరవనీయులైన కువైట్‌లోని భారత రాయబారి గారికి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

విషయం: యుద్ధంలోనైనా వరదలోనైనా నిలువ నీడ పోగొట్టుకునే వలస కార్మికుల పేర్లను బాధితుల జాబితాల్లో చేర్చడం గురించి.



మేము రాజంపేట, నందలూరు, పుల్లంపేట, సుండుపల్లె ప్రాంతాల నుంచి కువైట్ వచ్చి పనిచేసుకుంటున్నవాళ్లం. ఇళ్లల్లో వంటపనీ పిల్లల పనీ చేసే ఆడవాళ్లు మాలో ఎక్కువ. హౌస్ డ్రైవర్లున్నారు. షూన్ వీసా మీద కంపెనీల్లో చేసేవాళ్లున్నారు. అకామా (నివాస అనుమతి) పోయి ఎవరి గదిలోనో తలదాచుకుంటున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఈ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో తమరికి తెలుసు. ఇందులో రాసిన మాట మాత్రం వాళ్లది కూడా.

మా మనవి ఒక్కటే. ఆపద వచ్చినప్పుడు బాధితుల జాబితా రాస్తారు. ఆ జాబితాలో మా పేరుండదు. ఊళ్లో వరదొస్తే మీరు ఊళ్లో లేరంటారు. ఇక్కడ యుద్ధమొస్తే మీ కాగితాలు మీ దగ్గర లేవంటారు. రెండుచోట్లా పోగొట్టుకునేది మేమే, రెండుచోట్లా లెక్కకు రానిదీ మేమే. ఈ లెక్క సరిచేయమని అడగడానికే ఇది రాస్తున్నాం.

తేదీని కావాలనే ఎంచుకున్నాం. సరిగ్గా 35 ఏళ్ల కిందట, 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున, ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి వచ్చింది. అప్పటికి ఇక్కడ మన దేశంవాళ్లు లక్షా డెబ్బై వేల మంది దాకా ఉండేవారు. మా పెద్దవాళ్లు కొందరు వారిలో ఉన్నారు. ఆనాటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ గారు బాగ్దాద్ దాకా వెళ్లి మాట్లాడారు. ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి, జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి లక్షా పదివేల మందికి పైగా మనవాళ్లను ఇంటికి చేర్చింది. ఆ మేలు మా ఊళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మేమూ మరచిపోలేదు.

అయితే విమానం ఉన్నది అమ్మాన్‌లో. మనుషులున్నది కువైట్‌లో. ఆ మధ్య దూరం ఎలా గడిచిందో మాలో ఒకతని తండ్రి చెబుతుండేవాడు. ఆయన అప్పట్లో హౌస్ డ్రైవరు. కఫీల్ (యజమాని) కుటుంబం ప్రాణభయంతో రాత్రికి రాత్రి సౌదీ దారి పట్టింది. వాళ్లను తప్పుపట్టడం లేదు, ఎవరి ప్రాణం వాళ్లకు తీపి. కానీ ఈయన పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండిపోయింది. తాళం చెవి వాళ్లతోనే పోయింది. బీరువా పగలగొడితే దొంగతనం మీద పడుతుందని భయపడి, మూడు రోజులు దాని ఎదురుగా కూర్చున్నాడట. చివరికి పగలగొట్టకుండానే బయల్దేరాడు. బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, ఆ తర్వాత జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాల కింద రోజులు లెక్కపెట్టుకుంటూ, దారి పొడవునా ఒక నూనె డబ్బాలో నీళ్లు మోసుకుంటూ వచ్చాడు. ఎవరు అడిగినా చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. పక్క బస్సులోని కేరళ మాస్టారు ఒకాయన, ఇతను మనవాడేనని సాక్ష్యం చెబితే పేరు రాసుకున్నారు.

ఆ నూనె డబ్బా 31 ఏళ్లు వాళ్లింటి అటక మీద ఉంది. 2021లో చెయ్యేరు నది వరద దాన్ని తీసుకుపోయింది.

1990 నాటి ఆ యుద్ధంలో నష్టపోయినవారి కోసం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1991లో నష్టపరిహార కమిషన్ ఏర్పాటు చేసింది. ఇరాక్ చమురు అమ్మకాల నుంచి డబ్బు తీసి ఇచ్చారు. 2022 జనవరిలో చివరి చెల్లింపు జరిగేసరికి మొత్తం 5,240 కోట్ల డాలర్లు పంచారు. ఇందులో మాకు కావలసిన పాఠం ఒకటుంది. ‘ఎ’ తరగతి దరఖాస్తుదారులను నష్టానికి బిల్లులు అడగలేదు. 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య ఇరాక్ నుంచో కువైట్ నుంచో బయటపడ్డట్టు చూపిస్తే చాలు, మనిషికి 2,500 డాలర్లు. ఇంకే తరగతిలోనూ దరఖాస్తు పెట్టనంటే 4,000. పారిపోయి వచ్చినవాడి దగ్గర రసీదులుండవని ఆ కమిషన్‌కు తెలుసు. దరఖాస్తులు మాత్రం ఆయా ప్రభుత్వాల ద్వారానే పంపాలి. మాలో ఒకామె అత్తగారు ఆ ఏడాది ఇక్కడ ఒక ఇంట్లో పనిచేసేది. ఆమెకు చదువు రాదు. పాస్‌పోర్టు లేకుండా ఇల్లు చేరింది. దరఖాస్తు పెట్టాలని చెప్పినవాళ్లు లేరు, తెలిసేసరికి గడువు దాటింది. బయటపడిన రుజువు ఆమె శరీరమే, ఇంటికొచ్చి మా ఎదుటే తిరిగింది. దాన్ని ఎక్కడ రాయించుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఇక చెయ్యేరు సంగతి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఆ నది మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పైన ఉన్న పింఛా ప్రాజెక్టు కట్ట అంతకుముందే తెగి నీళ్లు మీదపడ్డాయి. కార్తీక పౌర్ణమి రోజులవి, గుడిలో దీపాలు పెట్టడానికి వెళ్లినవాళ్లు తిరిగిరాలేదు. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి, గుండ్లూరు పేర్లు ఆ రోజు దేశమంతా విన్నది. ఆ డిసెంబరులో రాజ్యసభలో ఆనకట్టల భద్రత బిల్లు మీద చర్చ జరిగినప్పుడు, అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ గారు మా ప్రాజెక్టు గురించే చెప్పారు, అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని. ఆ విషయంలో బాధ్యత ఎవరిదో తేల్చడం ఈ కాగితం పని కాదు. వరద తర్వాత జరిగినదాని గురించే మేం మాట్లాడుతున్నాం.

మాలో ఒకామె గురించి చెబుతాం. పేరు రాయవద్దన్నది. ఖాదిం (ఇంటిపని) వీసా మీద 14 ఏళ్లుగా ఒక ఇంట్లో పనిచేస్తోంది. మొదట్లో నెలకు 50 దీనార్లు, ఇప్పుడు కాస్త ఎక్కువ. ఆ డబ్బుతో ఊళ్లో రెండు గదుల మిద్దె వేయించింది, ముందు వరండా, నీలం రంగు తలుపు. ఫోను ఆమె చేతికి వచ్చేది రాత్రి పది తర్వాతే. ఆ శుక్రవారం రాత్రి తెరిచేసరికి వాట్సాప్‌లో వీడియోలు. మొదటి వీడియోలో ఏ ఊరో తెలియలేదట. రెండోదానిలో ఇసుకలోంచి సగం పైకి కనిపిస్తున్న నీలం తలుపు చూసి అది తనదేనని తెలిసింది. అత్తా ఇద్దరు పిలకాయలూ పక్కింటి మిద్దె మీదికెక్కి బతికారని తెల్లారిగానీ తెలియలేదు. ఆ రాత్రంతా ఆమె వంటగదిలో స్టవ్ పక్కన కూర్చుంది. పొద్దున్నే అయిదింటికి లేచి ఆ ఇంటి పిల్లలకు ఎప్పటిలాగే టిఫిను పెట్టింది. ఆ ఇంటి యజమానురాలు ‘మామా’ ఏమైందని అడిగితే, మా ఊళ్లో వాన అని చెప్పిందట. అరబీలో వరద అనే మాట ఆమెకు రాదు.

తర్వాత ఊరికి లెక్కలు రాసేవాళ్లు వచ్చారు. ఇల్లు ఎవరిదన్నారు. కోడలిదని అత్త చెప్పింది. కోడలేదన్నారు. కువైట్‌లో ఉందన్నది. ఆధార్ ఏదన్నారు. ఆ ట్రంకుపెట్టె నీళ్లలో పోయింది, ఇంటిపన్ను రసీదూ అందులోనే. వేలిముద్ర వేయాలి, వేలు కువైట్‌లో ఉంది. ‘ఇంట్లో లేరు’ అని రాసుకుని వెళ్లారు. కువైట్ డబ్బులొస్తాయి కదా, వీళ్లకేం తక్కువన్న మాట కూడా ఆ అత్త చెవిన పడింది. ఆ మాట మాకు ఇల్లు పోయినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ డబ్బులు ఎక్కడికి పోయాయో ఆ ఇసుకను అడగాలి.

ఊళ్లో ఉన్నవాళ్ల కష్టం మాకు తెలియక కాదు. ఇళ్లు పోయినవారికి 5 సెంట్ల స్థలం, అందులో ఇల్లు అన్నారు. ఆ నిర్మాణం ఏళ్లకేళ్లు సాగింది. జాబితాలో పేరున్నవాళ్లే అద్దెకొంపల్లో, రేకుల షెడ్లలో కాలం గడిపారు. పేరే లేనివాళ్ల గతి తమరే ఊహించండి. పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ఎత్తిపోయడానికి అయ్యే ఖర్చు పొలం ధరను మించుతుందని కొందరు అలాగే వదిలేశారు.

కాబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. ఏ విపత్తు లెక్కలోనైనా, ‘ఇంటి యజమాని వలసలో ఉన్నారు’ అని రాసే గడి ఒకటి పెట్టించండి. ఆ గడి నిండితే కేసు మూసేయకుండా, యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడి నిర్ధారించుకునే పద్ధతి పెట్టండి. కొట్టుకుపోయిన పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు మళ్లీ ఇచ్చే పని రుసుము లేకుండా, ఊళ్లోనే ఒక చోట జరగాలి. ఇది మేం పుట్టించిన కోరిక కాదు. సొంత దేశంలోనే నిర్వాసితులైనవారి గురించి ఐక్యరాజ్యసమితి 1998లో ఇచ్చిన మార్గదర్శక సూత్రాల్లో 20వది ఇదే చెబుతుంది: పోయిన పత్రాలు మళ్లీ ఇవ్వాలి, వాటి కోసం సొంత ఊరికి తిరిగి రమ్మనడం వంటి తగని షరతులు పెట్టకూడదు. 2021 వరదలో ఇలా మిగిలిపోయిన పేర్లను మేం గదుల వెంట తిరిగి, ఫోన్లలో అడిగి రాసుకున్నాం. ఆ పట్టిక దీనికి జతచేశాం. ఒక్కసారి పరిశీలన జరిపించండి.

రాయబార కార్యాలయాన్ని ఇదే విషయంలో ఒకటి అడుగుతాం. ఊళ్లో మా తరఫున నిలబడేవారికి అధికారపత్రం పంపాలంటే ఇక్కడ దాన్ని ధ్రువీకరించాలి. పని ఇంట్లో నుంచి మధ్యాహ్నం పూట బయటికి రావడం మా ఆడవాళ్లకు అయ్యే పని కాదు. సెలవంటూ దొరికితే అది శుక్రవారమే, అదీ అందరికీ కాదు. మన ఊళ్లల్లో విపత్తు జరిగినప్పుడు ఒకటి రెండు శుక్రవారాలు ఈ పత్రాల కోసమే శిబిరం పెట్టండి. వారి దగ్గర రుసుము తీసుకోకండి.

ఇంటికి వెళ్లే విషయం కూడా ఉంది. ఆ వరదలో తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాళ్లు మాలో ఉన్నారు. దొరికిన శవాన్ని ఫోనులో చూశారు. చితికి నిప్పు పెట్టింది పాలివాళ్లు. అత్యవసర సెలవు ఇచ్చిన మంచి కఫీళ్లూ ఉన్నారు, టికెట్టు కూడా కొనిచ్చినవాళ్లున్నారు, ఆ సంగతి చెప్పకపోతే పాపం. ఇవ్వనివాళ్ల దగ్గర మా మాట చెల్లదు. ఇంటికి అంత పెద్ద కష్టం వచ్చిందని ధ్రువీకరిస్తూ రాయబార కార్యాలయం అరబీలో ఒక ఉత్తరం ఇస్తే, దానికి విలువుంటుంది. సర్కారు ముద్ర ఉన్న కాగితానికి ఇక్కడ గౌరవం ఎక్కువ.

వరద తర్వాత మా పల్లెల నుంచి కువైట్‌కు మనుషుల రాక తగ్గలేదు, పెరిగింది. ఇల్లు పోయింది, పొలం ఇసుక, వడ్డీలు నెత్తిన. ఏజెంటు వాకిట్లోకి వచ్చి, డబ్బు తర్వాత ఇద్దువులే అంటాడు. ఎమిగ్రేషన్ దారిలో రావాలంటే ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ఒప్పందం ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి. అవేవీ లేకుండా విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తారు. అలా వచ్చిన పిల్ల ఎవరింట్లో ఉందో కన్నవాళ్లకు తెలియదు, ప్రభుత్వానికి అసలే తెలియదు. ఆమె వరద నిర్వాసితురాలు, ఇక్కడ కాగితాలు లేని మనిషి, రెండూ ఒకేసారి. వరద పల్లెల్లో నష్టపరిహారం రాసే బల్ల పక్కనే, విదేశాలకు వెళ్లాలనుకునేవారికి దారి చెప్పే బల్ల కూడా వేయించండి. ఏజెంటు కంటే ముందు సర్కారు మా వాకిట్లోకి రావాలి.

ఇక యుద్ధం మాట. ఇది పాత కథ కాదు. మొన్న జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద పడినప్పుడు, కువైట్ కూడా కొన్ని గంటలు విమానాల దారి మూసేసింది. ఆ గంటల్లో మా ఫోన్లన్నీ మోగాయి. ఎక్కడికి పోవాలి, ఎవరిని అడగాలి, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఖైతాన్‌లో, జలీబ్‌లో, మహబౌలాలో గదుల్లో ఉండేవాళ్లకు కనీసం పక్కన మనిషి ఉంటాడు. గోడల లోపల ఒంటరిగా పనిచేసే ఆడమనిషికి ఆ ఇంటివాళ్లు చెప్పిందే వార్త.

పనివాళ్లు ఒప్పుకుంటే తప్ప వాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని కువైట్ 2015లో చేసిన ఇంటిపనివారి చట్టం, 68వ నంబరు, చెబుతోంది. చట్టం మంచిదే. అయినా మాలో చేతులెత్తమని అడిగితే, తన పాస్‌పోర్టు తన దగ్గరే ఉందన్నవాళ్లు సగం మంది కూడా లేరు. ఈ జులై 1 నుంచి షూన్ వీసా వాళ్లు దేశం దాటాలంటే కంపెనీ నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. మామూలు రోజుల్లో దాని మంచిచెడ్డలు వేరు. 1990లో లాంటి రోజు వస్తే, యజమానే దేశంలో లేకపోతే, ఆ పర్మిట్ ఎవరిస్తారు? బీరువా ముందు కూర్చున్న ఆ డ్రైవరులాగే మేం ఇప్పుడు పర్మిట్ కోసం సెల్‌ఫోను ముందు కూర్చోవాలి. ఆపద సమయంలో ఈ పర్మిట్, అకామా జరిమానాలు, పరారీ కేసులు అడ్డురాకుండా కువైట్ ప్రభుత్వంతో ఇప్పుడే, చల్లగా ఉన్నప్పుడే, ఒప్పందం రాయించుకోండి. ఇంటిపనివారి గురించి 2021 జూన్‌లో రెండు దేశాలూ ఒక అవగాహనపత్రం మీద సంతకాలు చేశాయి. దానికి ఈ అంశం చేర్చవచ్చు. సంక్షోభంలో చిక్కుకున్న వలసదారుల గురించి 2016లో పలు దేశాలు కలిసి రాసుకున్న మార్గదర్శకాల్లోనూ, వీసా ఉందా లేదా అని చూడకుండా ప్రాణం కాపాడాలనే ఉంది.

దానికి ముందు మేం ఎక్కడున్నామో తమకు తెలియాలి. ఇంటిపనివారి కోసం ఒక పట్టిక మొదలుపెట్టండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఉన్న ఇల్లు, ఊళ్లో ఒక ఫోను నంబరు, అంతే. ఫోనులో తెలుగులో మాట్లాడి రాసుకునేవారిని పెట్టండి, చదువు రానివాళ్లే దానికి ఎక్కువ అవసరపడతారు. ఆ వివరాలు పోలీసులకో కఫీల్‌కో చేరవని తమరే మాటిస్తే, ఈ రోజు సంతకం పెట్టనివాళ్లు కూడా ముందుకొస్తారు. ఏ ప్రాంతంవాళ్లు ఎక్కడ గుమికూడాలో ముందే చెప్పండి. కష్టంలో ఉన్నవారి టికెట్టుకూ తిండికీ బసకూ ఖర్చుపెట్టడానికి 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. మేం కాన్సులర్ సేవలకు కట్టే ప్రతి రుసుములోనూ దానికి వాటా పోతుంది. ఆ నిధి మాదే, దాన్ని మా కోసం తెరవమంటున్నాం.

మంగాఫ్ అగ్నిప్రమాదం మీద ఒక్క మాట. 2024 జూన్ 12న అక్కడి కార్మికుల భవనంలో కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు మన రాష్ట్రంవాళ్లు. శవాలను వైమానిక దళం విమానంలో తీసుకెళ్లారు, అందుకు కృతజ్ఞులం. అలాంటి చోట బతికి బయటపడినవాడికి కూడా కట్టుబట్టలే మిగులుతాయి. బతాకా (గుర్తింపు కార్డు) పోతుంది, ఫోను పోతుంది, పడుకునే మంచం పోతుంది. చనిపోయినవారి జాబితాతో పాటు బతికినవారి జాబితా కూడా రాయాలని మా కోరిక.

మేం దానం అడగడం లేదు. మేం పంపిన దీనార్లతో మా పల్లెల్లో మిద్దెలు లేచాయి, బడులకు ఫీజులు కట్టాం, బోర్లు పడ్డాయి, గుళ్లకు ప్రాకారాలు లేచాయి. కష్టం వచ్చిన రోజున మా పేరు ఒక కాగితం మీద ఉండాలి, అంతవరకే.

వచ్చే నవంబరు 19కి చెయ్యేరు వరదకు నాలుగేళ్లు నిండుతాయి. ఆ లోపల ఏదో ఒక శుక్రవారం సాయంత్రం తమ తరఫున ఒక అధికారిని కువైట్ సిటీలోని మాలియాకు పంపండి. మేం ఆ రోజు అక్కడే ఉంటాం, వారం సరుకులకూ ఊరి కబుర్లకూ ఎలాగూ వస్తాం. ఆ నీలం తలుపు ఇంటామె కూడా సెలవు దొరికితే వస్తానన్నది. ఆ అధికారి ఒక పుస్తకం, ఒక పెన్నూ తెచ్చుకుంటే చాలు. పేర్లు మేం చెబుతాం, రాసుకోండి.

ఇట్లు,
కువైట్‌లో పనిచేస్తున్న చెయ్యేరు తీర గ్రామాల స్త్రీ పురుషులం

జతపరచినవి: సంతకాలు, వేలిముద్రలు, 2021 వరద జాబితాల్లో చేరని కుటుంబాల పట్టిక.